ఏడో పళ్ళెం

ఆకుకూర కూరిన సంసాలు ఓవెన్‌లో పెట్టి తలుపు మూశాను. నలభై నిమిషాలు. తందూరులో అయితే ఇరవై నిమిషాల్లో అయిపోయేవి, కానీ పొగ తగిలితే ఊపిరితిత్తులు మళ్ళీ మొదటికొస్తాయని, తందూరు దగ్గర కనిపిస్తే తనే వచ్చి నా కాళ్ళు కట్టేస్తానని సూదిమందు వేసే నర్సమ్మ బెదిరించి వెళ్ళింది, ఆవిడ అన్నంత పనీ చేసే రకం, అందుకని ఓవెనే. వాకిట్లో చెక్క మంచం మీద ఎండ పడుతోంది, బొంత పరిచి ఉంది, చాయ్ కెటిల్ పక్కనే ఉంది, మూడు వారాల తర్వాత మొదటిసారి నా ఇల్లు నాకు వినపడుతోంది. కూతురు ఓయ్దిన్ నిన్న సాయంత్రం పిల్లలిద్దర్నీ తీసుకుని నమంగాన్ వెళ్ళిపోయింది, వెళ్తూ వెళ్తూ నా చేతులు పట్టుకుని అమ్మా ఏ పనీ చేయకండి అని నాలుగుసార్లు చెప్పింది, నేను నాలుగుసార్లూ సరేనన్నాను, కారు మలుపు తిరగ్గానే చీపురు అందుకున్నాను. ఒక గది సగం ఊడ్చేసరికి ఆయాసం వచ్చి గోడకి ఆనుకుని కూర్చుండిపోయాననుకోండి, అది వేరే సంగతి. ఈ పూట మాత్రం బాగున్నాను. పిండి నేనే కలిపాను, మా ఆయన కాలవ గట్టున కోసుకొచ్చిన ఆకుకూర నేనే తరిగాను, పుదీనా వాసన ముక్కుకి తెలిసింది, మూడు వారాలు ఏ వాసనా తెలియని ముక్కది, ఒక్కసారిగా ఏడుపొచ్చినంత పనైంది.

జబ్బు పడి లేచినవాళ్ళకి ఇంకో జబ్బు పట్టుకుంటుంది, తాము లేకుండా ఇల్లు ఎలా నడిచిందా అని మూలమూలా వెతుక్కోవడం. నడిచింది, హాయిగా నడిచింది. నేను మంచం ఎక్కే నాటికి ఆప్రికాట్ చెట్టు మొగ్గ మీద ఉంది, దిగేసరికి గోరంత పిందెలు, ఈ ఏడు పువ్వు నేను చూడనే లేదు. చలికాలమంతా మట్టి కింద పడుకోబెట్టిన ద్రాక్షతీగని మా ఆయన ఎర్గాష్ ఒక్కడే తవ్వి తీసి పందిరికెక్కించాడు, నేను కింద నిలబడి అటు కాదు ఇటు అని చెప్పకుండా ఆ పని జరగడం మా కాపురంలో ఇదే మొదలు, తీగ వంకరగానే ఉంది, ఏం చేస్తాం, ఉంది. ఇప్పుడు కూడా నిచ్చెన మీద నిలబడి గుడ్డపీలికలతో కొమ్మలు కట్టుకుంటున్నాడు, వీపు నాకేసి పెట్టి, ఏదో కూనిరాగం తీస్తూ. వంటింట్లో ఉప్పు డబ్బా పంచదార ఉండాల్సిన చోట ఉంది, పంచదార ఎక్కడుందో ఇంకా తెలియలేదు. గోడమీది క్యాలెండరు నేను పడుకున్న రోజు దగ్గరే ఆగిపోయి ఉంది, పండక్కి అంతమంది వచ్చిపోయారు కదా, ఒక్కరికైనా ఒక్క కాగితం చింపాలనిపించలేదు. పొద్దున్నే నిలబడి ఇరవై రెండు కాగితాలు చింపాను, ఈ రోజున నేనెక్కడున్నాను, జ్వరంలో, ఈ రోజున, జ్వరంలోనే, ఈ రోజున రెండు గుక్కల గంజి తాగాను, ఇదిగో ఎర్ర అక్షరాలు, ఇది హయిత్, ఈద్ పండగ, ఈ రోజున ఇల్లంతా చెప్పుల చప్పుడు, ఎవరో తలుపు తీసి నన్ను చూసి అయ్యో అని తలుపు మూశారు, ఎవరో నా నుదురు మీద చెయ్యి పెట్టి ఏదో చదివారు, ఎవరి పిల్లలో మిఠాయి కాగితాలు చప్పుడు చేశారు, ఆ చప్పుడు నాకు వడగళ్ళ వానలా వినపడి, ఎర్గాష్, తీగ కప్పండి, తీగ కప్పండి అని అరిచానట. మామూలుగా ఆయన్ని పేరు పెట్టి పిలవను, జ్వరంలో పిలిచానని ఆయన ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతున్నాడు.

సరే, పళ్ళేలు. పొద్దుటి నుంచీ దేనికోసం అయితే ఇంత పిండి కలిపానో అవి మంచం మీద నా ముందు దొంతరగా ఉన్నాయి. పండగ ముందురోజు మా మర్గిలాన్ వీధుల్లో ఏ ఇంట్లోనూ ఎవరి పులావు వాళ్ళు తినరు, ప్రతి ఇల్లూ వండుతుంది, ప్రతి ఇల్లూ పక్కింటికి ఒక పళ్ళెం పంపుతుంది, చివరికి అందరూ అందరి పులావూ తిని ఎవరి చెయ్యి ఎలాంటిదో ఏడాదికి సరిపడా మాట్లాడుకుంటారు. వచ్చిన పళ్ళెం ఖాళీగా వెనక్కి పోకూడదు. నాలుగు ఖర్జూరాలైనా, గుప్పెడు ఎండుద్రాక్షైనా, ఏదో ఒకటి అందులో ఉండాలి. ఓయ్దిన్ పాపం ఒంటిచేత్తో వచ్చినవాళ్ళకి పెట్టి, పిల్లల్ని చూసుకుని, నాకు మందులు పోసి, పళ్ళేలు కడిగి బోర్లించి పెట్టింది, ఏది ఎవరిదో తెలియలేదమ్మా, మీరు లేచాక చూసుకోండి అని చెప్పి వెళ్ళింది. ఎలా తెలుస్తుంది? ఈ వీధిలో ప్రతి పెళ్ళికూతురూ తెచ్చుకున్నది అదే పళ్ళెం, నీలం మీద తెల్లగా విచ్చిన పత్తికాయ, చుట్టూ బంగారు గీత, మా అమ్మ నాకు ఇచ్చిందీ అదే, అందరి అమ్మలూ ఇచ్చిందీ అదే. పైనుంచి చూస్తే అన్నీ ఒకటే. తిరగేస్తే తెలుస్తుంది.

తిరగేశాను. ఎర్ర గోళ్ళరంగు చుక్క, అది మూలింటి మత్లూబాది, రంగు పెట్టడం పళ్ళెం అడుక్కే గానీ గోళ్ళకి పెట్టుకోగా చూడలేదు నేను. రెండు గీతలు గీసింది దర్జీ వాళ్ళది. అడుగున కాగితం అంటించి పేరు రాసింది స్కూలు పంతులుగారింటిది, కడిగిన ప్రతిసారీ పేరు చెరిగిపోతుంది, ప్రతిసారీ మళ్ళీ రాస్తారు, చదువుకున్నవాళ్ళు కదా. ఏ గుర్తూ లేనిది కొత్త కోడలున్న ఇంటిది, ఆ పిల్లకి ఇంకా ఒక్క పళ్ళెం కూడా పోలేదు, పోయాక గుర్తు పెడుతుంది. అలా ఆరింటికి ఆరు తేలాయి. ఏడోది తిరగేశాను, ఆకుపచ్చ చుక్క.

ఆకుపచ్చ చుక్క నాది. కిండర్‌గార్టెన్ వంటింట్లో ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేశాను, పిల్లల మంచాలకి రంగేసిన ఏడాది మిగిలిన ఎనామిల్‌తో నా పళ్ళేలన్నిటికీ నేనే చుక్కలు పెట్టుకున్నాను. ఓయ్దిన్ మన పళ్ళెం కూడా వీటిల్లో కలిపేసినట్టుంది అనుకుని లేచాను, గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి బీరువా తెరిచాను. ఐదు. బీరువాలో ఐదు ఉండాలి, ఐదూ ఉన్నాయి. మూడేళ్ళుగా ఐదే. ఆరోది గోడవతల సనోబర్ ఇంట్లో ఉండిపోయింది. తిరిగొచ్చి మంచం మీద కూర్చుని ఆ పళ్ళెం ఒళ్ళో పెట్టుకున్నాను.

సనోబర్ నాకంటే ఆరేళ్ళు చిన్నది. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన తర్వాత ఐదేళ్ళకి ఆ ఇంటికి కోడలిగా వచ్చింది, ఆవిడ అత్తగారు తిడితే గోడ దగ్గరికొచ్చి ఏడ్చేది, నేను గోడమీంచి ఒక రొట్టె అందించేదాన్ని, తిని ముక్కు తుడుచుకుని లోపలికి పోయేది. ఓయ్దిన్ మా ఇంట్లో ఎంత పెరిగిందో వాళ్ళింట్లోనూ అంతే పెరిగింది. ఆ ఓయ్దిన్ పెళ్ళికి ముందురోజే, పులావుకి క్యారెట్లు తరగడానికి వీధి ఆడవాళ్ళందరూ ఈ వాకిట్లోనే, ఇదిగో ఈ మంచం చుట్టూనే కూర్చున్నారు, రెండు బస్తాల క్యారెట్లు, ముప్ఫై కత్తులు, నవ్వులు, నమంగాన్ నుంచి కాబోయే వియ్యపురాలు కూడా వచ్చి చూస్తోంది. నాకు గొప్ప. నూట ఇరవైమంది పిల్లలకి రోజూ క్యారెట్లు తరిగిన చెయ్యి నాది, అగ్గిపుల్లకంటే లావు ఉంటే నాకు నచ్చదు. అందరి గుట్టలూ చూస్తూ తిరుగుతున్నాను, సనోబర్ గుట్టలోంచి ఒక ముక్క తీసి పైకెత్తి, ఇవి క్యారెట్లా తల్లీ, పొయ్యిలో పెట్టే పుల్లలా అన్నాను. అందరూ నవ్వారు. వియ్యపురాలు అందరికంటే గట్టిగా నవ్వింది. సనోబర్ నవ్వలేదు. కత్తి తుడిచింది, గుడ్డలో చుట్టింది, లేచి వెళ్ళిపోయింది. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి, వేళ్ళు వంగడం లేదక్కా అంది, అంతే, అది కూడా మెల్లిగా. పట్టు తీసే కార్ఖానాలో పంతొమ్మిదేళ్ళు మరిగే నీళ్ళల్లో చేతులు పెట్టి పట్టుకాయల దారం పట్టుకున్న మనిషి. కణుపులు వాచి ఉంటాయి. నాకు తెలుసు, ఆ వేళ్ళకి వేడి గొర్రెకొవ్వు నేనే రాసేదాన్ని. తెలిసీ అన్నాను. పదిమందిలో గొప్పగా కనిపించాలని అన్నాను, ఇంకే కారణమూ లేదు.

మర్నాడు వెళ్ళి తప్పైందని చెబితే పోయేది. పెళ్ళి హడావిడి, ఆ తర్వాత అప్పగింతలు, ఆ తర్వాత ఇంత చిన్నదానికి పెళ్ళికే రాకుండా ఉంటుందా అని నాకు కోపం, అలా నేను ఆవిడ తప్పు వెతుక్కుంటూ పోయాను, వెతికితే దొరక్కుండా ఎక్కడికి పోతుంది. నేను హల్వా పెట్టి పంపిన పళ్ళెం అప్పటికే వాళ్ళింట్లో ఉంది. పాపం ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? ఖాళీగా పంపితే ముఖాన కొట్టినట్టు. ఏదైనా పెట్టి పంపితే తనే ముందు తగ్గినట్టు. పంపలేదు. నేనడగలేదు. మూడేళ్ళపాటు ఒక పింగాణీ పళ్ళెం ఆ ఇంటి అల్మరాలో ఎటూ కాకుండా కూర్చుంది, ఇప్పుడు నా ఒళ్ళో ఉంది, అందులో ఏం పెట్టుకుని వచ్చిందో నాకు తెలియదు. ఏదైనా పెట్టి పంపిందా, ఖాళీగా పంపిందా? పెట్టి పంపితే ఒక మాట. ఖాళీగా పంపితే ఇంకో మాట, నీ పళ్ళెం నువ్వు ఉంచుకో, ఇక నీకూ నాకూ ఏమీ లేదు అని.

"ఏమండీ," అన్నాను.

"ఊఁ."

"సనోబర్ వాళ్ళింటి నుంచి పళ్ళెం ఎప్పుడొచ్చింది?"

"ఏ పళ్ళెం?"

"మన పళ్ళెం. ఆకుపచ్చ చుక్కది. వాళ్ళింట్లో ఉండిపోయింది చూడండి, మూడేళ్ళకిందట."

మా ఆయన తీగ ముడి వేసి, ముడి లాగి చూసుకుని, అప్పుడు ఇటు తిరిగాడు. "పండక్కి బోలెడు పళ్ళేలొచ్చాయే. పులావు వచ్చింది. తిన్నాం."

"అందులో ఏముంది, పులావేనా? అసలు ఏమైనా ఉందా?"

"పళ్ళెంలో తిండి కాకపోతే ఏముంటుంది?"

"ఖాళీగా వచ్చిందా అని అడుగుతున్నాను."

"ఖాళీగా వస్తే నేనెందుకు గుర్తుపెట్టుకుంటాను?" అన్నాడు, అదేదో గొప్ప న్యాయం చెప్పినట్టు, మళ్ళీ తీగవైపు తిరిగాడు. ఈ మనిషితో ఇన్నేళ్ళు కాపురం చేశాను. మంచివాడు, నా జ్వరంలో రాత్రుళ్ళు కూర్చుని నా పాదాలు ఒత్తినవాడు, ఒక్క మాట విసుక్కోలేదు, కానీ ఇంట్లోకి ఏమొచ్చింది ఏం పోయింది అంటే మాత్రం గోడని అడిగినా ఒకటే, ఆయన్ని అడిగినా ఒకటే. "పండగపూట పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళారు కదా," అన్నాను.

"వెళ్ళకుండా ఉంటానా? నమాజు నుంచి మగవాళ్ళందరం అటే వెళ్ళాం. నాసిర్ పేరున దువా చదివాం."

"నాకు జ్వరం అని చెప్పారా?"

"ఎవరికి?"

"ఆవిడకి!"

"ఆడవాళ్ళు లోపలున్నారు. అడిగితే చెప్పేవాణ్ణే," అన్నాడు.

నాసిర్ సనోబర్ మొగుడు. పోయిన నవంబరులో పోయాడు, బండి చక్రాలు బాగుచేసుకుంటూ కూర్చున్నవాడు కూర్చున్నట్టే. పరామర్శకి వీధి ఆడవాళ్ళందరితో పాటు నేనూ వెళ్ళాను, వెళ్ళి చివర గోడవారగా కూర్చున్నాను, ఆవిడ మొగుడు పోయినవాళ్ళు కట్టే నీలం బట్టల్లో అందరి మధ్యా కూర్చుని ఏడుస్తోంది, ఒకసారి తలెత్తి నాకేసి చూసింది, ఎంతసేపు చూసిందో తెలియదు, నేను నా చెప్పులకేసి చూస్తూ కూర్చున్నాను. లేచి నలుగురిని దాటి వెళ్ళి పట్టుకోవాల్సింది. రొట్టె అందించినదాన్ని, గొర్రెకొవ్వు రాసినదాన్ని, ఆ నాలుగడుగులు వేయలేకపోయాను. నలుగురూ చూస్తారని కాదు, ఆవిడ చెయ్యి విదిలించుకుంటుందేమోనని. ఇప్పుడీ హయిత్, నాసిర్ పోయాక వచ్చిన మొదటి హయిత్. మనిషి పోయిన ఇంటికి ఆ ఏటి పండక్కి ఊరంతా వెళ్తుంది, శత్రువైనా వెళ్ళి చేతులెత్తి చదివి ఒక ముద్ద తిని వస్తాడు, వెళ్ళకపోతే ఇక ఆ ఇంటి గడప జన్మలో తొక్కనని చెప్పినట్టే. నేను వెళ్ళలేదు. జ్వరం. నిజమైన జ్వరం, నూట నాలుగు, న్యుమోనియా. కానీ అంతకుముందు రెండు పండగలకీ ఆ ఇంటికి వెళ్ళకుండా తప్పించుకోవడానికి నేను తలనొప్పి అని చెప్పి పంపాను, రెండుసార్లూ తలకి గుడ్డ కట్టుకుని సాయంత్రానికి మత్లూబా ఇంట్లో చాయ్ తాగుతూ దొరికిపోయాను, హోసియత్ తలనొప్పి అని వీధిలో నా పేరు మీదే ఒక జబ్బు తయారైంది. ఇప్పుడు జ్వరమంటే ఎవరు నమ్ముతారు? నేనే ఆవిడ చోట ఉంటే నమ్మేదాన్నా? ఆహా, జ్వరమా, పండగలకి మాత్రమే వస్తుందా ఆ జ్వరం అనేదాన్ని. ఒక్కటే ఓదార్పు, జబ్బులో ఒక రోజు, ఏ రోజో తెలియదు, ఊపిరి అందక ఇక ఇంతే అనిపించినప్పుడు నాకు ఓయ్దిన్ గుర్తు రాలేదు, పిల్లలు గుర్తు రాలేదు, సనోబర్ కత్తిని గుడ్డలో చుట్టుకోవడం గుర్తొచ్చింది. దాన్ని ఓదార్పు అంటారా ఎవరైనా? కానీ కనీసం ఆ మాట నాకు తెలిసింది, దేన్ని వదిలేసి పోతున్నానో తెలిసింది.

ఓవెన్ లోంచి వాసన వస్తోంది, నెయ్యి, పుదీనా, ఇంకా పచ్చిగానే ఉంది, పదిహేను నిమిషాలు అయి ఉంటుంది. ఫోన్ తీసి ఓయ్దిన్‌కి చేశాను. అవతల చిన్నపిల్ల ఏడుపు, కుక్కర్ కూత.

"అమ్మా, లేచి తిరుగుతున్నారా?"

"లేదు, మంచం మీదే ఉన్నాను," అన్నాను, అబద్ధం కాదు, చెక్క మంచం మీదే ఉన్నాను. "సనోబర్ పిన్ని ఇంటి నుంచి పళ్ళెం వచ్చిందా?"

"అవునమ్మా, మర్చేపోయాను. పండగ ముందురోజు సాయంత్రం. గోడమీద టకటకా కొట్టినట్టు వినిపించింది, వెళ్ళేసరికి మనిషి లేదు, గోడమీద పళ్ళెం, పైన గుడ్డ కప్పి. పులావు. వేడిగా ఉంది."

పులావు. వేడిగా. కళ్ళు మూసుకున్నాను. ఎండ రెప్పలమీద ఎర్రగా పడుతోంది. "ఎలా ఉంది?" అన్నాను.

"చాలా బాగుందమ్మా. క్యారెట్లు దారాల్లా తరిగింది, ఎంత సన్నమో. ఆ పిన్నికి చేతులు నొప్పి కదా, ఎలా తరిగిందో ఏమో అని నాన్నతో అన్నాను కూడా."

నాన్నతో అందట. ఆ నాన్న నిచ్చెన మీద కూనిరాగం తీస్తున్నాడు. ఒక పళ్ళెం పులావుకి రెండు క్యారెట్లు చాలు, కానీ ఆవిడ ఒక్క పళ్ళెం వండదు, మొదటి హయిత్‌కి వచ్చేపోయేవాళ్ళందరికీ అప్పటి నుంచే వండి ఉంటుంది, ఎన్ని క్యారెట్లో, ఆ వేళ్ళతో, అగ్గిపుల్లకంటే సన్నంగా. ఎవరి కోసం సన్నంగా? వచ్చిపోయే మగవాళ్ళకి క్యారెట్టు లావో సన్నమో ఎప్పుడైనా తెలిసిందా? నా కోసం తరిగింది. రేపు పండక్కి రా అని పిలుపది. నోటితో పిలవడానికి రోషం అడ్డొచ్చి పళ్ళెంతో పిలిచింది.

"నాకెందుకు చెప్పలేదే?" అన్నాను.

"చెప్పానమ్మా! కిటికీ దగ్గరికొచ్చి సనోబర్ పిన్ని పులావు పంపింది అని చెప్పాను. మీరే వద్దు, తీసెయ్, బయట పారెయ్ అని అరిచారు. తిండి మాటెత్తితేనే పడలేదు మీకప్పుడు, ఏది తెచ్చినా అలాగే అరిచేవారు."

"కిటికీ తెరిచి ఉందా?"

"తెరిచే ఉంది. మీకు గాలాడటం లేదంటేను. ఏమైందమ్మా? మళ్ళీ జ్వరం వచ్చిందా?"

జ్వరం లేదు తల్లీ, పిల్లని చూసుకో అని ఫోన్ పెట్టేశాను. నన్ను పడుకోబెట్టిన వెచ్చగది కిటికీ నుంచి గోడ పది అడుగులు లేదు. గోడ అవతల నిలబడ్డ మనిషికి ఇవతల దగ్గినా వినపడుతుంది. పళ్ళెం గోడమీద పెట్టి చాటుకి తప్పుకుని, ఎవరు తీసుకుంటారా, ఏమంటారా అని అక్కడే నిలబడి ఉంటుంది, నేనైతే నిలబడేదాన్ని. నిలబడి ఏం విని ఉంటుంది? పారెయ్ అని. మర్నాడు నేను రాను. ఆ మర్నాడు రాను. వీధంతా వచ్చి వెళ్తుంది, నేను తప్ప. భగవంతుడా, నేను పడుకున్న చోటే పడుకుని, ఒక్క వేలు కదపకుండా, జ్వరంలో ఇంత ఘనకార్యం చేశాను.

ఇప్పుడేం చెయ్యాలి. చెయ్యడానికి పద్ధతి ప్రకారం ఏమీ లేదు, అదే బాధ. మిగతా ఆరూ వాళ్ళ పళ్ళేలు, నాలుగేసి సంసాలు పెట్టి పంపేస్తే అయిపోతుంది. ఇది నా పళ్ళెం. నా పళ్ళెం నా ఇంటికి వచ్చింది, నిండుగా వచ్చింది, నేను తిరిగి పంపాల్సింది ఏమీ మిగల్లేదు. బీరువాలో పెట్టుకుని తలుపు వేస్తే ఆరు ఆరూ అయి కూర్చుంటాయి, ఎవరూ తప్పు పట్టరు, మూడేళ్ళ కథ ముగుస్తుంది, నేను బతికున్నంతకాలం ఆ గోడ గోడలాగే ఉంటుంది. లేదా మళ్ళీ నింపి అదే పళ్ళెం అటు పంపాలి. ఆవిడ తీసుకోకపోతే? వద్దు, తీసెయ్ అని నా మాటే నాకు అప్పజెబితే? అప్పజెబితే వింటాను. వినాలి. ఎండ కాళ్ళమీదికి జరిగింది, మోకాళ్ళు వెచ్చగా ఉన్నాయి, ఎంత చిత్రమో, ఇంత దిగులు లోపల పెట్టుకుని కూడా ఈ ఎండ బాగుంది, కెటిల్లో చాయ్ బాగుంది, వంకరతీగ కూడా బాగుంది, బతికున్నాను, తప్పు దిద్దుకోవడానికి కాళ్ళు ఉన్నాయి, వణుకుతున్నా ఉన్నాయి. చచ్చిపోయి ఉంటే ఆ పారెయ్ అన్న మాటే నా ఆఖరి మాటగా మిగిలేది ఆవిడ చెవిలో. లేదు, అలా మిగలనివ్వను.

సంసాలు తీశాను. పైన నువ్వులు బంగారు రంగు తిరిగాయి, ఒకటి పగిలి ఆకుకూర బయటికొచ్చింది, దాన్ని మా ఆయనకి ఉంచాను, అందమైనవి ఏడు ఏరి ఆకుపచ్చ చుక్క పళ్ళెంలో పేర్చాను, శుభ్రమైన గుడ్డ కప్పాను. ముఖం కడుక్కుని తలకి గుడ్డ మార్చుకున్నాను. అద్దంలో బుగ్గలు లోపలికి పోయి మా అమ్మలా ఉన్నాను.

"ఎక్కడికి?" అన్నాడు మా ఆయన నిచ్చెన మీంచి.

"సనోబర్ ఇంటికి."

ఆయన చేతిలో గుడ్డపీలిక ఆగిపోయింది. "ఇటివ్వు, నేనిచ్చి వస్తాను. పడిపోతావు."

"పడితే వాళ్ళ గుమ్మం ముందే పడతాను. ఆవిడే లేపుతుంది."

"లేపకపోతే?"

"అప్పుడు మీరు దిగండి," అన్నాను.

మా గేటు నుంచి ఆవిడ గేటుకి నలభై అడుగులు. ఎన్నిసార్లు పరిగెత్తానో ఈ దారిలో, పాలు పొంగిపోతున్నాయని పొయ్యిమీద వదిలేసి మరీ. ఇవాళ రెండుసార్లు ఆగాను, ఒకసారి గోడ పట్టుకుని, ఒకసారి గుండె పట్టుకుని. తలుపు కొట్టాను. ఎవరూ రాలేదు. మళ్ళీ కొట్టాను. పళ్ళెం బరువు చేతుల్లోంచి భుజాల్లోకి పాకుతోంది. లోపల చెప్పుల చప్పుడు, ఒక్కొక్క అడుగూ వినపడుతోంది, తలుపు దగ్గరికొచ్చి ఆగింది, సందులోంచి చూస్తోంది, నాకు తెలుసు, ఆవిడ ఎప్పుడూ సందులోంచి చూసే తీస్తుంది. గడియ తీయలేదు. పది లెక్కపెట్టుకోవచ్చు అంతసేపు తీయలేదు. తర్వాత తీసింది.

నీలం బట్టల్లో సగం మనిషి అయిపోయింది. పళ్ళెం చూసింది, నన్ను చూసింది, నా వెనక ఖాళీ వీధిని చూసింది.

"ఒక్కదానివే వచ్చావా? ఆ మనిషికి బుద్ధి లేదా నిన్నిలా వదలడానికి?"

దారంతా కూడబెట్టుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. "పండక్కి రాలేకపోయాను సనోబర్. ఈసారి నిజంగానే జ్వరం," అన్నాను. ఈసారి అన్నది నోరు జారి వచ్చేసింది.

"తెలుసు."

"ఆ రోజు పళ్ళెం వచ్చినప్పుడు నేనేదో అరిచానట—"

"విన్నాను. పారెయ్ అన్నావు." సనోబర్ తలుపు రెక్కకి ఆనుకుంది. "అరవగలుగుతోంది, పరవాలేదు అనుకున్నాను. మీ వెచ్చగది గోడా నా పడకగది గోడా ఒకటే కదక్కా. పదకొండు రాత్రులు దగ్గావు. నాకు కంటిమీద కునుకు ఉందా? ఒక రాత్రి దగ్గు ఆగిపోయింది. ఉన్నట్టుండి ఆగిపోయింది. నాసిర్ కూడా అలాగే కదా, చప్పుడు లేకుండా. లేచి కూర్చుని గోడకి చెవి పెట్టాను. తెల్లారుజామున మళ్ళీ దగ్గావు. అప్పుడు పడుకున్నాను."

నాకు ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు. గడప మీదే నిలబడి నాసిర్ పేరున చదివాను, పళ్ళెం ఇద్దరి మధ్యా అరుగు మీద పెట్టి, చేతులెత్తి. ఆవిడ కూడా ఎత్తింది. కణుపులు నవంబరులో కంటే లావయ్యాయి, ఉంగరం చిటికెన వేలికి మారింది. ఆమీన్ అని ముఖం తుడుచుకున్నాక, ఆ రోజు నేనలా అనకుండా ఉండాల్సింది, తప్పు నాది అన్నాను.

"ఆ ముక్క అనడానికి మూడేళ్ళు పట్టిందా?"

"న్యుమోనియా కూడా పట్టింది," అన్నాను.

నవ్వలేదు, కానీ మూతి ఒక పక్కకి లాగింది, అది ఆవిడ నవ్వు ఆపుకునే తీరు. వంగి పళ్ళెం ఎత్తుకుంది, గుడ్డ తీసి వాసన చూసింది, తిరగేయలేక కింద వేలితో తడిమి చుక్క చూసుకుంది, లోపలికి వెళ్ళింది. నేను గేటు పట్టుకుని నిలబడ్డాను, సంసాలు తీసి పళ్ళెం తెచ్చిస్తుంది కదా అని. రాలేదు. కొంతసేపటికి వంటింట్లోంచి కేక వినపడింది. "ఇంకా అక్కడే ఉన్నావా? పళ్ళెం ఇవాళ ఇవ్వను. ఖాళీది చేతికిచ్చి పంపమంటావా? రేపు తెస్తానులే. పో, పోయి పడుకో!"

తిరిగి వచ్చేటప్పుడు ఒక్కచోటే ఆగాను. మా ఆయన నిచ్చెన దిగి గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు, చేతిలో పగిలిన సంసా, మీసాల నిండా నువ్వులు.

"ఏమంది?"

"పళ్ళెం ఇవ్వలేదు," అన్నాను.

"మళ్ళీనా!" అని ఆయన నెత్తి కొట్టుకున్నాడు.

నాకు నవ్వొచ్చింది, మంచం మీద కూలబడి నవ్వాను, ఆరు పళ్ళేలూ పక్కకి జరిపి పొట్ట పట్టుకుని నవ్వాను, ఆయన ఏమీ అర్థం కాక నా నుదురు మీద చెయ్యి పెట్టి చూశాడు, ఇంకా నవ్వొచ్చింది, నవ్వి నవ్వి దగ్గు పట్టుకుంది. రెండుసార్లు దగ్గానో లేదో గోడ అవతలి నుంచి సనోబర్ గొంతు, "పడుకోమన్నానా!"